గొట్టం గొడవ

మ్కోవానీ, పెంబా దీవి
ఆగస్టు

బావ సిమాయికి,

నీకూ, మా చెల్లెలు మీజేకీ ఫాకి సలాములు. సలాముల తర్వాత సంగతులు. ఇక్కడ లవంగాలు కోతకొచ్చాయి. రోడ్డు పొడవునా చాపలేసి ఎండబోశారు. తుమ్మకుండా బజారుకెళ్ళి రావడం నా వల్ల కావడం లేదు.

అసలు విషయం చెబుతాను. మా యజమానురాలు బీ రయ్యా ఇక్కడ రేవు పక్కనే డైవింగు కేంద్రం తెరిచింది. అతిథుల్ని నీళ్ళ అడుక్కి తీసుకెళ్ళడానికి ఆవిడకి ఇద్దరు నాయకులు కావాలి. ఒకణ్ణి నేను. వయసు చూసి తీసుకుంది, అందం చూసి కాదు. రెండోవాడు ఎవరని అడిగితే, ఆలోచించకుండా నీ పేరు చెప్పేశాను. కుర్రతనంలో ఇసుకలో పాకే సముద్ర దోసకాయల కోసం ఒకే ఊపిరితో మునిగినవాళ్ళం. నువ్వు పక్కనుంటే నాకు నీళ్ళలో వెనక్కి తిరిగి చూసుకునే పని ఉండదు.

ఆవిడ గట్టి మనిషి. ఉత్తర గాలి మొదలయ్యేలోగా నువ్వు రాకపోతే అతిథుల్ని ఉంగూజా దీవి వాళ్ళకి అప్పగించేస్తానంది. నన్ను సిలిండర్లలో గాలి నింపే యంత్రం దగ్గర కూర్చోబెడుతుందట. నేనా యంత్రం పక్కన కూర్చుంటే ఇద్దరం ఒకేలా మోగుతాం, ఏది ఆపాలో ఎవరికీ తెలీదు. కాబట్టి రా. మీజేకీ పుట్టింటి ఊరికి వచ్చినట్టవుతుంది.

ఒక్కటే షరతు. నీ డైవింగు కళ్ళద్దం పక్కన ఎప్పుడూ వేలాడుతుంటుందే, పైన తేలుతూ ఊపిరి పీల్చుకునే ఆ స్నార్కెల్ గొట్టం, దాన్ని అక్కడే ఎవరికైనా దానం చేసి రా. వీపున గాలి సిలిండరు మోస్తూ చెవి పక్కన గొట్టం తగిలించుకోవడమంటే, విందుకు పిలిచిన ఇంటికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళినట్టు ఉంటుంది. నా పక్కన దిగేవాడు అలా దిగితే నా పరువేం కావాలి.

నీ బావ,
ఫాకి


కిలిందోని, మాఫియా దీవి
సెప్టెంబరు

ఫాకి బావా,

సలాములు. ఉత్తరం అందింది. ఓడ సరంగు దాన్ని చేపల బుట్టలో పెట్టి తెచ్చాడు. చదువుతున్నంతసేపూ పిల్లి నా ఒళ్ళోంచి దిగలేదు.

పిలిచినందుకు సంతోషం. వెంటనే రాలేను. ఇంటి పైకప్పు తాటాకు మార్చాలి, మీజే పెరట్లో కర్రపెండలం వేసింది, ఇంకా ఏవేవో ఉన్నాయి. పైగా నీ షరతు ఒకటి. గొట్టం వద్దన్న చోట నేను పని చెయ్యను బావా. ఇది నా మొండితనం అనుకో.

నువ్వు విందు సంగతి చెప్పావు. సరే, విందుకే వెళ్ళాం. తిన్నాం. గిన్నెలు ఖాళీ అయ్యాయి. తిరిగొచ్చే బండి మాత్రం రాలేదు. సిలిండర్లో గాలి అయిపోయి పైకొచ్చాక జరిగేది అదే. అలలు మొహం మీద కొడుతుంటాయి, పడవ ఎక్కడో ఉంటుంది, నువ్వు తల ఎత్తి ఉప్పునీళ్ళు గుటకలేస్తూ కాళ్ళు కొట్టుకుంటుంటావు. నేనైతే గొట్టం నోట్లో పెట్టుకుని, తల ముంచి, తీరుబడిగా ఊపిరి పీలుస్తూ ఉంటాను. పడవ నడిపేవాడు సమయానికి వస్తాడంటావా? నేను పడవవాళ్ళని నమ్మను. రెండేళ్ళు నేనే పడవ నడిపాను, అందుకే.

నేను పిరికివాణ్ణని నువ్వు అందరికీ చెప్పుకోవచ్చు. మీజే ఎలాగూ చెబుతూనే ఉంది.

సిమాయి


మ్కోవానీ
అక్టోబరు మొదట్లో

సిమాయి బావకి,

నీ ఉత్తరాన్ని అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. అల్లం కాఫీ తాగుతూ వింటున్నవాళ్ళు ఒక్కసారిగా రెండు జట్లయ్యారు. గొట్టం ఉండాలనేవాళ్ళు ఒకవైపు, వద్దనేవాళ్ళు ఒకవైపు. వాళ్ళలో సగం మందికి ఈతే రాదు. అయినా గొంతులు పోయేలా అరిచారు. చివరికి కాఫీ అమ్మే ముసలాయన "గొట్టం సంగతి నాకు తెలీదు గానీ, మీ నోళ్ళకి మూతలుంటే బావుండేది" అని కూజా తీసుకుని వెళ్ళిపోయాడు.

నా వాదన నువ్వూ విను. మా దగ్గర ప్రవాహం నీకు తెలుసు. గొట్టం ఉంటే దాన్ని పట్టుకుని లాగుతుంది. కళ్ళద్దం పక్కకి తిరుగుతుంది, కళ్ళలోకి నీళ్ళొస్తాయి. ఆమధ్య ఎవరిదో అరువు గొట్టం పెట్టుకుని దిగితే లంగరు తాడుకి చిక్కుకుంది. మెడ ఒకవైపు, నేను ఒకవైపు. వల్లో పడ్డ మేకలా గింజుకుంటుంటే నా వెనకున్న అతిథులు నేనేదో సైగ చేస్తున్నాననుకుని అందరూ అలాగే గింజుకున్నారు. మళ్ళీ అలాంటి పాఠం చెప్పే ఓపిక నాకు లేదు.

అసలు గొట్టం ఎవరికోసం? కింద ఈదేవాళ్ళు వేరు, పైన తేలేవాళ్ళు వేరు. పైన తేలేవాళ్ళకి గొట్టం, పాపం, వాళ్ళకి అంతకంటే ఏముంది. మా పడవ నడిపే షామెకి కూడా తేలికగా అర్థమయ్యేలా ఇదే నేర్పాను. నోట్లో గొట్టం పెట్టుకుని తల ముంచినవాడు చేపలు చూసుకుంటున్న అతిథి. వాడి దగ్గరికి పడవ తీసుకెళితే తాబేళ్ళు బెదిరిపోతాయి, తిట్లు మనకి. గొట్టం లేకుండా తల ఎత్తి ఉన్నవాడు మనవాడు, వాణ్ణి వెంటనే ఎక్కించుకోవాలి. ఎంత సులువుగా ఉందో చూశావా. ఈ తెలివి పూర్తిగా నాదే.

బీ రయ్యా రోజూ అడుగుతోంది. "మీ బావ వస్తున్నాడా, లేక నిన్ను యంత్రం దగ్గర కూర్చోబెట్టమంటావా" అని. ఒక్క గొట్టం కోసం నన్ను ఇలా ఇరకాటంలో పెడతావా?

ఫాకి


కిలిందోని
అక్టోబరు చివర

ఫాకి బావా,

సలాములు. మొన్న మా దగ్గరికి షిల్లింగు సొర వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే, కానీ ఈసారి ఇంత పెద్దది. వెడల్పాటి వీపు నిండా తెల్ల చుక్కలు, ఎవరో నాణేలు చల్లినట్టు. దాని తల మీదుగా పసుపుచారల చిన్నచేపలు గుంపుగా, వెన్నులు మెరుస్తూ, ముందు ముందు పోతున్నాయి. దాని వెనకే ఒక తాబేలు, చిప్ప మీద నాచు పెరిగి పాత చాపలా ఉంది. చూస్తూ ఉండిపోయాను.

నీ వాదన చదివాను. తాడుకి చిక్కుకోవడం తప్పు తాడుదీ కాదు, గొట్టానిదీ కాదు. పెట్టుకోవడం చేతకాకపోతే జేబులో మడిచి పెట్టుకునేవి కూడా ఉన్నాయి. అది పక్కన పెట్టు.

పైన తేలేవాళ్ళు, పాపం, అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. తేలేవాళ్ళూ మనుషులే. నువ్వు అరుగు మీద నలుగురినీ నవ్వించడానికి అన్నావని తెలుసు. అయినా నచ్చలేదు.

నేను రాను బావా. మీ బీ రయ్యాకి వేరే మనిషిని చూసి పెట్టు. నన్ను ఇంక అడగొద్దు. మీజే నీకు ఎండబెట్టిన ఆక్టోపస్ పంపుతోంది. అందులో ఉప్పు ఎక్కువైతే ఆమెకే రాయి, నాకు రాయకు.

సిమాయి


మ్కోవానీ
నవంబరు

సిమాయి బావకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీ మీద కోపం. మూడో రోజు నా మీద. నువ్వంత ముక్తసరిగా ఎప్పుడూ రాయలేదు. సరే, గొట్టం ఒక్కటే అడ్డమైతే నేనే పెట్టుకుని దిగుతాను, నాలుగుసార్లు దిగి, లొంగిపోయానని నిజాయితీగా నీకు రాస్తాను, అప్పుడైనా ఓడ ఎక్కుతావు అనుకున్నాను. అతిథుల పెట్టెలో వెతికితే ఒక్కటే మిగిలింది. గులాబీ రంగుది. పెట్టుకున్నాను. షామె చూసి నవ్వకుండా, నీళ్ళలో మునిగాకే తగిలించుకుని, పైకొచ్చేముందు తీసి దాచేసేవాణ్ణి.

మొదటి మూడుసార్లూ ఏమీ కాలేదు. నాలుగోసారి మిసాలి దీవి అవతల, నిట్టనిలువు పగడపు గోడ దగ్గర దిగాం. అతిథులు ముగ్గురూ చక్కగా పైకొచ్చి పడవెక్కారు. ఒకావిడ కాలికి తొడుక్కున్న తెడ్డు జారి మునిగిపోయింది. "అయ్యో, కొత్తవి" అంది. నేను మీసం సవరించుకుని, ఎవరినీ అడక్కుండా ఒక్కణ్ణే మళ్ళీ దిగాను. సిలిండర్లో మిగిలిన గాలి ఎంతో చూసి కూడా దిగాను. ఇలా చేసినవాణ్ణి నేనైతే ఆ రోజే ఇంటికి పంపేవాణ్ణి.

తెడ్డు దొరికింది. పైకొచ్చేసరికి పడవ అరచేతిలో పట్టేంత చిన్నదైపోయింది. ప్రవాహం నన్ను ఎక్కడికో లాక్కుపోయింది. సిలిండరు ఖాళీ. అలలు చెంపలు వాయిస్తున్నాయి. రెండు గుక్కల ఉప్పునీళ్ళు తాగాక నీ మాట గుర్తొచ్చి ఆ గులాబీ గొట్టం నోట్లో పెట్టుకుని తల ముంచాను. బావా, ఒప్పుకోడానికి నోరు రావడం లేదు గానీ, ఎంత హాయిగా ఊపిరాడిందో.

తల ముంచే ఉంచి చెయ్యి ఊపాను. కాసేపటికి ఓరగా చూస్తే షామె కూడా చెయ్యి ఊపుతున్నాడు. తెడ్డు పైకెత్తి ఊపాను. వాడు టోపీ తీసి ఊపాడు. అతిథులు ముగ్గురూ లేచి నిలబడి ఊపారు. తర్వాత పడవ మెల్లగా రెండోవైపు తిరిగి, తల ఎత్తి ఉన్న ఫాకి కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. నేను నేర్పిన పాఠాన్ని ఇంత శ్రద్ధగా పాటించిన శిష్యుడు నాకు ఇంతవరకు దొరకలేదు.

అలా ఎంతసేపు కొట్టుకుపోయానో తెలీదు. భయమేసింది. దాన్ని అలంకారంగా చెప్పలేను, భయమే. ఇంట్లోవాళ్ళు గుర్తొచ్చారు, నువ్వు గుర్తొచ్చావు, గులాబీ గొట్టంతో దొరికితే అరుగు మీద ఏమంటారో అదీ గుర్తొచ్చింది. ఆటు వచ్చి నీళ్ళు తీస్తుండగా పొట్టకి ఇసుక తగిలింది. అయినా తల ఎత్తలేదు, అంత అలసట. ఎవరో గొట్టాన్ని కర్రతో టకటకా కొట్టారు. ఆక్టోపస్ పట్టుకోడానికి వచ్చిన ఆడవాళ్ళు. ముందు కొంబో అవ్వ, చేతిలో ఈటె కర్ర.

"ఇదేంటే, ఊపిరి పీలుస్తోంది" అంది.

"అవ్వా, పొడవకు, మనిషిలా ఉంది" అని పక్కనావిడ.

"మనిషైతే మోకాలి లోతులో ఎందుకు ఈదుతాడే?"

నేను లేచి నిలబడ్డాను. నీళ్ళు నిజంగానే మోకాళ్ళ దాకా ఉన్నాయి. అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఓరి, రేవులో ఫాకివి కదూ. ఆ గులాబీది నోట్లోంచి తియ్యి నాయనా. చంటిపిల్లాడిలా ఉన్నావు" అంది.

ఆడవాళ్ళు బుట్టలు దింపి మరీ నవ్వారు. వాళ్ళ ఎండిన కర్రపెండలం ముక్క ఇచ్చారు. అది తింటూ ఇసుకలో కూర్చుంటే పడవ వచ్చింది. షామె మొహం తెల్లబోయి ఉంది.

"ఏరా, చెయ్యి ఊపితే రావేం?" అన్నాను.

"నువ్వే కదా మామా చెప్పావు, గొట్టం ఉన్నవాళ్ళ జోలికి పోవద్దని. గులాబీ గొట్టం చూసి వేరే పడవలోంచి దిగిన దొరసాని అనుకున్నాను. చెయ్యి ఊపింది కదాని మర్యాదకి నేనూ ఊపాను" అన్నాడు, ఏడుపు గొంతుతో. మిగిలిన కర్రపెండలం ముక్క వాడి చేతిలో పెట్టాను.

గొట్టం లేకపోతే పడవ వచ్చేది. గొట్టం లేకపోతే పడవ వచ్చేదాకా నేను ఉండేవాణ్ణి కాదేమో. ఇందులో ఎవరు గెలిచారో అరుగు మీద ఇంకా తేలలేదు.

ఇదంతా నిన్ను నవ్వించడానికి రాశాను. ఇప్పుడు నవ్వు ఆపి ఇది చదువు. అలా తేలుతూ కిందికి చూస్తున్నంతసేపూ నాకు చేపల వీపులు మాత్రమే కనిపించాయి. సొరలు, చాపల్లా పరుచుకున్న తిరక చేపలు, అన్నీ వెన్నులే. కింద ఈదేటప్పుడు మనకి అవి ఇలా కనపడవు. తల ఎత్తితే పొట్టలు, వాటి మీద వెలుగు, అదే మనం ఎప్పుడూ చూసేది. ఇంటికొచ్చి నీ ఉత్తరాలు తీసి చదివాను. షిల్లింగు సొర వీపు. చిన్నచేపల వెన్నులు. తాబేలు చిప్ప. ఇదివరకు నువ్వు రాసే సొరలకి పొట్టలుండేవి, దవడలుండేవి.

నువ్వు కిందికి దిగి ఎన్నాళ్ళైంది, బావా?

ఫాకి


కిలిందోని
నవంబరు

ఫాకి బావా,

ఏడాది దాటింది.

నువ్వు ప్రవాహంలో కొట్టుకుపోయావని చదివి లేచి నిలబడ్డాను. తర్వాత కొంబో అవ్వ దగ్గర నవ్వొచ్చింది. తర్వాత చివరి వాక్యం చదివి కాగితం మడిచేశాను. రెండు రోజులు దాన్ని తెరవలేదు.

జలుబుతో దిగాను. ముక్కు దిబ్బడేసి ఉంది, వద్దని నాకే తెలుసు. కొత్తవాళ్ళకి రోజూ నేను చెప్పే మొదటి మాటే అది. కానీ అతిథులు షిల్లింగు సొరని చూడాలన్నారు, నేను లేకపోతే అది రానట్టు నాకొక గర్వం. కిందికి పోతుండగా ఎడమ చెవిలో ఏదో పట్టున చిరిగింది. లోకమంతా గిర్రున తిరిగింది. పైకి ఎలా వచ్చానో తెలీదు. దార్ పట్నంలో డాక్టరు చిల్లు పూడిందన్నాడు, ఆ చెవికి వినికిడి పెద్దగా రాదన్నాడు, నీళ్ళ ఒత్తిడి ఇక అసలే తట్టుకోదన్నాడు. "పైన ఈదుకో, కిందికి మాత్రం ఈ జన్మలో దిగకు" అన్నాడు, మందు చీటీ రాస్తూ, నా మొహం చూడకుండా.

అప్పట్నుంచి అతిథుల్ని గొట్టాలతో పైపైన తిప్పుతున్నాను. నువ్వన్న పాపం తేలేవాణ్ణి నేనే. మీజేకి చెవి కొంచెం దిబ్బడ అని మాత్రం చెప్పాను. నీకు చెప్పలేకపోయాను. నువ్వు నన్ను కిందికి దిగేవాడిగానే ఎరుగుదువు. నాకూ నేను అలాగే తెలుసు. గొట్టం లేకపోతే రానని గోల చేసింది అందుకే. మొండివాడినంటే తిట్టి వదిలేస్తావు, ఇది చెబితే జాలి పడతావు. తిట్లే నయమనిపించింది.

ఇప్పుడు తెలిసింది కదా. మీ బీ రయ్యాకి మనిషిని చూసుకో.

సిమాయి


మ్కోవానీ
నవంబరు చివర

సిమాయి బావకి,

నీ ఉత్తరం అరుగు మీద ఎవరికీ చదివి వినిపించలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. లవంగాల ఘాటు అని చెబితే కాఫీ ముసలాయన "లవంగాలు పోయిన వారమే గోనెలకెత్తారు కదరా" అన్నాడు. పాపం అన్న నా నోటికి ఏ శిక్ష వేసినా తక్కువే. క్షమించు అని రాస్తే నువ్వు కాగితం మడిచేస్తావు, అయినా రాస్తున్నాను. క్షమించు.

ఇక పని సంగతి. నా ప్రయాణం గురించి విన్నాక బీ రయ్యా రెండు రోజులు కేంద్రానికి తాళం వేసింది. మూడో రోజు నన్నూ, షామెనీ ఎదురుగా నిలబెట్టింది.

"పడవలో కూర్చుని చూస్తే మనుషులు కనపడరు, చేతులు కనపడతాయి. మనవాళ్ళు కింద ఉన్నంతసేపూ నీళ్ళలోనే ఉండి, వాళ్ళ మీదుగా ఈదుతూ, పడవని వెంట తెచ్చే మనిషి నాకు కావాలి. వాడు చెప్పినట్టే పడవ కదలాలి, వాడు చెప్పినట్టే మీరూ పైకి రావాలి. అలాంటివాడు లేకుండా నేను ఎవర్నీ దింపను" అంది.

కింద నా పక్కన ఈదడానికి తుంబె ఊరి నుంచి ఒకమ్మాయి దొరికింది. నాకంటే బాగా ఈదుతుంది, ఆ మాట ఆమెకి ఇంకా చెప్పలేదు. పైన ఉండేవాడికోసం ముగ్గుర్ని పరీక్షించాం. ఒకడికి ప్రవాహం తెలీదు, ఒకడికి ఓపిక లేదు, మూడోవాడు చేపలు చూస్తూ మమ్మల్ని మరిచిపోయాడు.

ఆ చోటు నీకే ఇమ్మని అడిగి, నీ చెవి సంగతీ ఆవిడకి చెప్పాను. నీ అనుమతి లేకుండా చెప్పినందుకు తిట్టు. "ఒక్క చెవి పనిచేస్తే చాలు, నీ మాటలు వినడానికి అదీ ఎక్కువే" అంది. ఇది జాలి ఉద్యోగం అనుకోకు. ప్రవాహంలో తేలుతూ నాకు తెలిసొచ్చింది, పైన తెలిసినవాడు లేకపోతే కిందివాడు ఏమవుతాడో. గొట్టం మాత్రం ఇకనుంచి ప్రతివాడి జేబులోనూ మడిచి ఉంటుంది. కళ్ళద్దానికి తగిలించుకోవడం నేను ఇప్పటికీ ఒప్పుకోను. అంతవరకు లొంగాను, మిగతాది నువ్వొచ్చి పోట్లాడు.

ఉత్తర గాలి మొదలైంది.

ఫాకి


కిలిందోని
డిసెంబరు

ఫాకి బావా,

మీజేకి అంతా చెప్పాను. ఆమె కొబ్బరి తురుముతోంది, ఆపలేదు. "ఏడాదిగా నీ కుడివైపే నిలబడి మాట్లాడుతున్నాను, ఎందుకనుకున్నావు? నువ్వు చెబుతావేమోనని చూశాను. మా అన్న దగ్గర దాస్తున్నావని నేనూ దాచాను" అంది. ఈ ఇంట్లో చెవిటివాణ్ణి, గుడ్డివాణ్ణి కూడా నేనేనని అర్థమైంది. కర్రపెండలం తవ్వేసి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. పైకప్పు మార్చాల్సిన పనే లేదు, అది నేనల్లిన అబద్ధం.

గురువారం ఓడకి బయల్దేరుతున్నాం.

షామెని నాకు వదిలెయ్యి. చెయ్యి ఊపితే ఏమిటో, రమ్మంటే ఏమిటో మొదటినుంచీ నేనే నేర్పుతాను. నువ్వు వాడికి ఇంకేమీ నేర్పకు. కళ్ళద్దానికి గొట్టం తగిలించే విషయంలో నేను తగ్గను, ఆ పోట్లాటకి తయారుగా ఉండు.

ఒక్క మాట రాయకపోతే నిద్రపట్టదు. నీ పక్కన ఇక ఎప్పటికీ దిగలేనని నాకు బాధే. ఇవాళ పొద్దున కూడా తేలుతూ, కింద ఇక్కడి మావాళ్ళు పగడపు గోడ అంచు దాటి నీలంలోకి దిగిపోతుంటే చూడలేక తల తిప్పేసుకున్నాను. ఆ బాధ పెంబాకి కూడా నాతోనే వస్తుంది, దాన్ని ఇక్కడ వదిలి రాలేను. కానీ వాళ్ళు కనపడకుండా పోయాక కూడా వాళ్ళ బుడగలు పైకి వస్తూనే ఉన్నాయి. నా ఛాతీకి తగిలి పగిలాయి. ఎవరివి ఎవరివో నాకు తెలిసిపోయింది, ఎవడు భయపడుతున్నాడో, ఎవడు తొందరపడుతున్నాడో.

నీవి నేను పోల్చుకోగలను బావా. నువ్వు దిగు, నేను నీ పైనే ఉంటాను.

సిమాయి